తమ్ముడొస్తున్నాడట!

రోజూలాగే హడావిడిగా బుల్లి చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ బడి గేటు దాకా వచ్చేసరికి టీచరమ్మ ఎదురొచ్చింది. "కంగ్రాట్స్ అండీ! బుల్లికి తమ్ముడొస్తున్నాడటగా! నిన్న క్లాసంతా చప్పట్లు కొట్టాం."

తల్లి బుల్లి వైపు చూసింది. ఏ తమ్ముడు? ఎక్కడి తమ్ముడు? ఐదేళ్ళ బుల్లి మాత్రం, "నానమ్మే చెప్పింది, వచ్చే ఏడాదికల్లా వచ్చేస్తాడట!" అంటూ లోపలికి తుర్రుమంది.

కళ్ళద్దాల షాపులో డ్యూటీకి టైమైపోతోంది. అయినా ఆమె అటు పోలేదు, విసవిసా నడుచుకుంటూ ఇంటికే వచ్చింది. బస్సు డ్రైవరైన మొగుడుగారికి ఆ రోజు సెలవు. తీరిగ్గా యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాడు. అత్తగారు బీన్స్ తుంచుతోంది.

"అత్తయ్యా, నేను మళ్ళీ తల్లినవుతున్నానని నాకంటే ముందు బడికి తెలిసిందండీ!"

అత్తగారు తలెత్తలేదు. "పిల్ల తోడు కావాలని ఏడుస్తుంటే ఏదో ఊరించాను. దానికే ఇంత కోపమా?"

"అమ్మ అన్నదాంట్లో తప్పేముంది?" అన్నాడతను. "నీకూ ముప్పై అయిదు దాటుతున్నాయి. ఒక్కణ్ణే పెరిగాను, ఆ బాధేంటో నాకు తెలుసు. పైగా బుల్లి పుట్టినప్పుడు ఎంత హాయిగా గడిచిపోయింది!"

అదిగో, ఆ మాటకి ఆమె ఒళ్ళు మండిపోయింది.

"హాయిగానా? ఎవరికండీ? నిద్ర చెడుతుందని మీరు ముందు గదిలో పడుకున్నారు. నేను ఎనిమిది నెలలు బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పిల్లనెత్తుకుంటే ఎక్కడ కింద పడేస్తానోనని భయం. దాని ఏడుపు వింటే ఎటైనా పారిపోవాలనిపించేది. నాలాంటి తల్లి ఉంటుందా అని నన్ను నేనే తిట్టుకున్నాను."

అతను తెల్లబోయాడు. "నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడైనా అడిగారా?"

అత్తగారి చేతులు ఆగిపోయాయి. "వాడికి తెలీదు. నాకు తెలుసు" అంది మెల్లగా. "కుళాయి చప్పుడులోనూ నీ ఏడుపు వినపడేది. తలుపు దాకా వచ్చి, తట్టకుండా వెళ్ళిపోయేదాన్ని. వీడు పుట్టినప్పుడు నేనూ అలాగే ఏడ్చాను తల్లీ. నన్నెవరూ పట్టించుకోలేదు. అందుకే ఇంకొకర్ని కనలేదు. ఎవరడిగినా ఒంట్లో బాగుండదని అబద్ధం చెప్పాను. అన్నీ తెలిసీ నిన్ను కనమంటున్నాను చూడు, ఎంత పాపిష్టిదాన్ని!"

కోడలి కోపం ఎటు పోయిందో పోయింది. అత్తగారి పక్కన కూలబడి, ఆవిణ్ణి కావలించుకుని భోరుమంది. అతను ఇస్త్రీపెట్టె ఆపేసి వచ్చి, ఇద్దరి ముందూ నేలమీద కూర్చున్నాడు.

"ఎప్పుడు కందామనే అడిగాను గానీ, నీకు కావాలా అని అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. కావాలా?"

"కావాలనీ ఉంది, భయమూ ఉంది. ముందు డాక్టరుతో మాట్లాడాలి." కళ్ళు తుడుచుకుని సూటిగా చూసింది. "ఆ తర్వాత కూడా నేను వద్దంటే?"

"వద్దంటే వద్దే. మళ్ళీ ఆ మాటెత్తను."

అత్తగారు కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"ఈ ఒక్క మాట నాతో ఎవరూ అనలేదురా" అంది.