ఒక్కపొద్దు విడిచిన శనివారం

ముత్యాలప్ప ముఖం కడుక్కొని వచ్చి వంటింటి గడప దగ్గర పీట వేసుకొని కూర్చున్నాడు.

"రాత్రి సంగటి మిగిలింటే పెట్టు," అన్నాడు భార్యతో.

ఆంజినమ్మ పొయ్యిలో కంది కట్టె ఎగదోస్తూ ఆగిపోయింది. "ఈ పొద్దు శనివారం."

"తెలుసు."

ఆమె లేచి వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగానే ఉంది.

"జ్వరమేం లేదులే. ఆకలైతాండాది."

ముప్పై ఏళ్ళుగా శనివారం నాడు దీపం పెట్టేవేళ దాకా ఆయన మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. కదిరి నరసింహస్వామికి ఒక్కపొద్దు. ఆ నిష్ఠ వల్లే ఆయన చేతికి నీళ్ళ జాడ తెలుస్తుందని బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల నమ్మకం. ఎవరు బోరు వేయించాలన్నా ఆయన దగ్గరికే వచ్చేవారు. ఆయన తలస్నానం చేసి, నామం దిద్దుకొని, అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకొని చేనంతా నడిచేవాడు. టెంకాయ నిక్కి నిలబడిన చోట గుర్తుగా రాయి పెట్టేవారు. నీళ్ళు పడితే స్వామి దయ. పడకపోతే తమ ఇంట్లోనే ఏదో మైల జరిగిందని వాళ్ళే తల దించుకొని పోయేవారు.

సొంత అల్లుడు కేశవ చేనిలో మూడు చోట్ల చూపించాడు. మూడు బోర్లూ నీళ్ళకు బదులు తెల్ల దుమ్ము పోశాయి. మూడో బోరూ ఎండిపోయాక నెల తిరక్కుండానే కేశవ చేను అమ్మేసి, వీళ్ళ కూతురు ఉమాదేవిని తీసుకొని బెంగళూరికి కట్టడం పనులకు వెళ్ళిపోయాడు. రెండేళ్ళయింది. ఒక్కసారీ రాలేదు. ఊరివాళ్ళెవరో వాళ్ళ మేస్త్రీ ఫోను నంబరు తెచ్చిచ్చారు. ఫోను చేద్దామని ఆంజినమ్మ ఎప్పుడడిగినా ఆయన "వచ్చే నెల చూద్దాంలే" అనేవాడు.

"నీ ఒక్కపొద్దు చూసైనా స్వామి బిడ్డను తిరిగి తెచ్చిస్తాడని కాచుకొనుండా," అంది ఆంజినమ్మ. "ఆ ఒక్కటీ పోగొడతావా? స్వామి మీద కోపమొచ్చిందా?"

"కోపం చేసేకి ఆడ ఎవరో ఒకరు ఉండల్ల కదమే."

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. సంగటి ముద్ద పళ్ళెంలో వేసి, విసురుగా ముందుకు తోసింది.

ఆయన రెండు ముద్దలు తిన్నాడో లేదో పక్కింటి ఈరన్న లోపలికి వచ్చాడు. "మామా, సోమవారం బోరు బండి వస్తాండాది. రేపు ఒక్క తూరి మా చేన్లోకి..." పళ్ళెం చూసి నోరు తెరిచాడు. "ఏమప్పా ఇది! శనివారం పూట తింటాండావు!"

"కావల్లంటే నువ్వూ కూర్చో. నేనింక టెంకాయ పట్టను రా. అనంతపురంలో మిషను పెట్టి చూసేవాళ్ళుండారు, పిల్చుకో."

"మిషనుకేం తెలుస్తాది? మా నాయనకు నువ్వు చూపించిన చోట రెండించుల నీళ్ళు పడలేదా?"

"పడినాయి. ఎందుకు పడినాయో నాకే తెలీదు."

"ముసలోళ్ళయినాక బుద్ధి మారతాదంటారు. అత్తా, నువ్వన్నా చెప్పు!"

"వాడికెందుకు లేదంటావు?" ఆంజినమ్మ గొంతు పెంచింది. "స్వామి ఇచ్చిన చెయ్యి అది!"

ముత్యాలప్ప చేతిలోని ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

"కేశవ చేన్లో మూడో తూరి టెంకాయ లేయలే. పొద్దున్నుంచి నాలుగు సుట్లు తిరిగినా. బోరు బండి వచ్చి నిలబడుకోనుండాది. అల్లుడు చూస్తాండాడు, ఉమ చూస్తాండాది. లేయలేదని చెప్పేకి నోరు రాలే. బొటనవేలితో నేనే లేపినా."

ఈరన్న గమ్మున బయటికి వెళ్ళిపోయాడు.

"ఆ పాపం పోతాదని రెండేండ్లు ఒక్కపొద్దులున్నా," అన్నాడు ముత్యాలప్ప. "స్వామి అడుగుతాడేమో, చెయ్యన్నా పడగొడతాడేమో అని చూసినా. ఎవ్వరూ అడగలే. అడిగేటోడు లేడే. ఉండేది అల్లుడూ, బిడ్డా ఇద్దరే. వాళ్ళకే చెప్పుకోవల్ల."

ఆంజినమ్మ గోడకు ఆనుకొని కూలబడింది.

"ఆ పొద్దు నీకు టెంకాయ తీసిచ్చింది నేను. తలకు పోసుకోకుండా, మర్చిపోయి ముట్టుకున్నా. నా మైలకే నీళ్ళు ఎగిరిపోయినాయని, నా బిడ్డ కొంప నేనే కూల్చినానని... రెండేండ్లు! నీకు చెప్పేకి భయపడి దేవుని గూటి ముందర ఎన్ని తూర్లు ఏడ్చినానో నీకేం తెలుసు?"

ఆయన తెల్లబోయి చూశాడు. అది ఆయన ఎన్నడూ ఊహించని సంగతి. మోకాళ్ళ మీద జరిగి వచ్చి, ఎంగిలి చేత్తోనే ఆమె పాదాలు పట్టుకున్నాడు.

"వదులు," అంది ఆమె. వదిలించుకోలేదు.

మధ్యాహ్నం ఇద్దరూ బెళుగుప్పలో ఫోను అంగడికి వెళ్ళారు. మేస్త్రీ పిలిస్తే ఉమ లైన్లోకి వచ్చింది. ముత్యాలప్ప ఆయాసపడుతూ ఉన్నదంతా చెప్పేశాడు. అవతల సిమెంటు కలిపే మిషను గరగరమని తిరుగుతోంది.

"మాకు తెలుసు నాయనా," అంది ఉమ. "మా ఆయన నీ బొటనవేలు ఆ పొద్దే చూసినాడంట. నలుగురిలో నీ తల దించలేక, నీళ్ళుంటే ఉండొచ్చులే అని బోరు వేయించినాడు. నువ్వే ఒకనాడు చెప్తావని చూసినాం. ఇంత కాలం పడుతాదనుకోలే."

ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అమ్మ పక్కనుండాదా? ఇద్దరూ రేపు బస్సెక్కండి. దిగినచోటే నిలబడుకోండి. ఆయన వస్తాడు పిల్చుకొచ్చేకి."

సంగతి వినగానే ఆంజినమ్మ ఆ అంగడి ముందే, ఎర్రటి ఎండలో కళ్ళు మూసుకొని రెండు చేతులూ జోడించింది. ముత్యాలప్ప జోడించలేదు. ఆమె కళ్ళు తెరిచేదాకా, ఆమె నెత్తికి ఎండ తగలకుండా తువ్వాలు పట్టుకొని పక్కనే నిలబడ్డాడు.