వారం చార్టులో రాసిన మాట

తొమ్మిదిన్నర కాకముందే కమలాకర్‌ను మూడుసార్లు బయటికి గెంటేశారు.

గెంటింది ఇంట్లోంచి కాదు, స్క్రీన్‌లోంచి. సూరత్ గోడాదరాలో రెండు గదుల ఇంట్లో కిటికీ పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుని, షేర్ల ఒక్క నిమిషం చార్టులో ధర పెరిగి ఎర్ర క్యాండిల్ ఆకుపచ్చగా మారే ముహూర్తం కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ‘ఈ ఐడీతో మరోచోట లాగిన్ అయ్యారు’ అంటూ తెర మసకబారింది. మళ్ళీ లోపలికి దూరాడు. మళ్ళీ గెంటారు. లాగిన్ అంటే లాగి ఇన్ చేయడం, లాగౌట్ అంటే లాగి అవుట్ చేయడం అని ఆ పూటే అతనికి అర్థమైంది.

బమ్రోలిలో ఉండే స్నేహితుడు సురేశ్‌కు ఫోన్ కొట్టాడు. ఆ చార్టుల సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా కట్టింది సురేశే. ఒక్కడే మోయలేక ఐడీలో ఒక వాటా కమలాకర్‌కు ఇచ్చాడు.

“ఏందిరా భై, నన్నెవడో బయటికి నూకుతుండు!”

“ఎవడో కాదురా, ఆమె. ఇంకో వాటా మొన్న ఒక మేడమ్‌కు ఇచ్చిన. అడాజన్‌ల ఉంటది. ఫిజియోథెరపిస్ట్. మన తెలుగామెనే.”

“ఒక్క ఐడీ ఎంతమందికి పంచుతవ్‌రా?”

“నువ్వు జేసేదే పంచింగ్ పని. పంచుకునుడు నీకు కొత్తనా?”

నిజమే. కమలాకర్ ఉద్యోగం పంచింగే. చీర మీద పువ్వు ఎక్కడ పూయాలో, సూది ఎన్ని పోట్లు పొడవాలో కంప్యూటర్‌లో గీసి ఎంబ్రాయిడరీ మిషన్‌కు చెప్పే పని. సిరిసిల్ల నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు మగ్గాల మోతలో చెవులు పోగొట్టుకున్న తండ్రికి, కొడుకు దారం ముట్టకుండా బట్టల పని చేస్తున్నాడని గర్వం. ఆఫీసు పదకొండింటికి. ఆ లోపు దొరికే గంటన్నర మార్కెట్టుకు అంకితం.

ఆ సాఫ్ట్‌వేర్‌లో చార్టు మీదే మాటలు రాసుకోవచ్చు. కమలాకర్ ఎర్రక్షరాలతో, కాస్త పెద్దగానే రాశాడు: ‘ఎవరు మేడమ్ మీరు? జర ఆగుండ్రి. పొద్దుగాల టైమ్ నాది.’

మర్నాటికి దాని కింద నీలం అక్షరాలు మొలిచాయి: ‘టైమ్ ఎవరి సొత్తూ కాదండీ. నేనూ చందా కట్టాను. మైథిలి.’

‘నేను నిమిషం నిమిషం చూడాలె మేడమ్. మీరు ఎప్పుడన్న చూస్కోవచ్చు.’

‘నిమిషానికోసారి మూత తీస్తే అన్నం ఉడుకుతుందా?’

‘అన్నం గాదు మేడమ్, పాప్‌కార్న్. చూడకుంటే ఎగిరిపోతది.’

ఇలా వారం రోజులు పోట్లాడుకున్నారు. ధరలు కిందా మీదా పడుతూనే ఉన్నాయి గానీ, ఆ చార్టు మీద ధరల కంటే మాటలే ఎక్కువయ్యాయి. చివరికి సురేశ్‌కే తల తిరిగి, ఒక ఆదివారం అడాజన్‌లో లోచో బండి దగ్గరకు ఇద్దరినీ రాజీకి పిలిచాడు.

లోచో సూరత్ వాళ్ళ ప్రాణం. శనగపిండి ఆవిరి మీద ఉడికీ ఉడకనట్టు ఉంటుంది, మీద నూనె, సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయలు. గుజరాతీలో లోచో అంటే గడబిడ. కమలాకర్ గుండెలో మొదలైనదానికి అంతకంటే మంచి పేరు తెలుగులో లేదు.

ఎందుకంటే వాన మొదలైంది. ఆ వానలో స్కూటీ మీద మైథిలి వచ్చింది. హెల్మెట్ తీసి తడిసిన జడను ముందుకు వేసుకుని, కళ్ళద్దాల మీది చినుకులను చున్నీతో తుడుచుకుంటూ చూసింది. మార్కెట్ పడితే నష్టమంటారు, మనిషి పడితే ఏమంటారో కమలాకర్‌కు ఎవరూ చెప్పలేదు.

“మీరేనా పాప్‌కార్న్?” అంది.

“మీరేనా అన్నం?” అన్నాడు.

సురేశ్ ప్లేటులోకి చూసి నవ్వుకున్నాడు. ఒప్పందం కుదిరింది: పొద్దున కమలాకర్‌ది, సాయంత్రం మైథిలిది. మధ్యాహ్నం ఐడీ యజమానిది.

ఆ తర్వాత ఆదివారాలన్నీ లోచో బండికే రాసిచ్చేశారు. సురేశ్ రావడం మానేశాడు, వాన మానలేదు. మైథిలి వాళ్ళది గుంటూరు. నాన్న బ్యాంకు ఉద్యోగం బదిలీ అయ్యి రెండేళ్ళ కింద వచ్చారు. గుజరాతీ ఇంకా నోరు తిరగలేదు. బండివాడితో కమలాకర్ గడగడా మాట్లాడుతుంటే నోరు తెరుచుకుని వినేది.

“మీ చార్టు చూస్తే నవ్వొస్తుందండీ,” అంది ఒకరోజు. “పదకొండు ఇండికేటర్ల గీతలు! ధర ఎక్కడుందో వెతుక్కోవాలి.”

“అన్నీ ఒక్క మాట చెప్తేనే కొనెతందుకు ఎంట్రీ తీస్కుంట మేడమ్. కన్ఫర్మేషన్ లేకుండ అడుగెయ్య.”

“అన్నీ ఒక్క మాట చెప్పేసరికి బస్సు వెళ్ళిపోదూ?”

“ఇంకో బస్సొస్తది గద.”

ఆమె అతని మొహంలోకి ఒక క్షణం ఎక్కువగా చూసి, చప్పున పచ్చిమిరపకాయ కొరికింది.

నిజానికి కమలాకర్ జీవితమంతా అంతే. చార్టు మీద లైన్లు గీయడం వచ్చు గానీ, అమ్మాయికి లైన్ వేయడం రాదు. బండికి ఇండికేటర్ వేసి, టక్ టక్ మనిపిస్తూ, మలుపు దగ్గర తిరగకుండా తిన్నగా పోయే బాపతు. ఫోన్ నంబరు అడగడానికి కూడా కన్ఫర్మేషన్ కోసం చూశాడు. చార్టు ఉండగా నంబరెందుకని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఇంతలో ఒక మధ్యాహ్నం సురేశ్ చార్టు తెరిచి, వీళ్ళ ఎర్ర నీలం మాటల కింద ఆకుపచ్చ అక్షరాలతో ‘శుభమస్తు’ అని రాసి, పక్కన లవ్ గుర్తు గీశాడు. కమలాకర్ వాణ్ణి బండబూతులు తిట్టాడు. ఆ రోజు నుంచి మైథిలి నీలం మాటలు పొదుపయ్యాయి. బదులుగా, కలిసినప్పుడల్లా ఒకటే పాట.

“అప్పుడప్పుడు వారం చార్టు కూడా చూడండి.”

వారం చార్టు అంటే ఒక్కో క్యాండిల్‌లో ఒక్కో వారం మొత్తం ఇమిడి ఉండేది. ఓపికస్తుల చార్టు. మైథిలి చూసేది అదే. కమలాకర్‌కు నిమిషమే యుగం, వారం దాకా ఎవడు బతుకుతాడని అతని ధీమా. అది ట్రేడింగ్ సలహా అనుకున్నాడు. సలహా వినలేదంటే చిన్నబుచ్చుకుంటుందని కూడా అనుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఆమె అడిగింది, ప్లేటులో చెంచా తిప్పుతూ, తల ఎత్తకుండా. “చూశారా? వారం చార్టు?”

“ఆఁ, చూసిన మేడమ్. మస్తుంది. ఇంక పైకే పోతది.”

చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. తెలివైనవాడిలా కనపడాలని అలవోకగా విసిరిన అబద్ధం. మైథిలి బుగ్గలు ఎర్రబడ్డాయి. మిరపకాయ కారమనుకున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలకు, ఒక సోమవారం, సురేశ్ ఫోన్ చేశాడు.

“మేడమ్ వాటా వద్దన్నదిరా. ట్రేడింగ్ బంద్ జేస్తదట.”

“ఎందుకట?”

“నాకేం తెల్వదు. గొంతు మంచిగ లేదు మరి.”

తర్వాతి ఆదివారం లోచో బండి దగ్గర రెండు గంటలు నిలబడ్డాడు. ఆ తర్వాతి ఆదివారం గంట. ఆ తర్వాత వెళ్ళలేదు. క్లినిక్ ఎక్కడో తెలుసు, వెళ్ళి అడగొచ్చు. అడగలేదు. ‘తాపీ నదికి అవతల ఫ్లాట్ల అమ్మాయికి ఇవతల గల్లీల పోరగాడు టైమ్‌పాస్, గంతే’ అని తనే తీర్పు రాసి, తనే సంతకం పెట్టి, తనే శిక్ష అనుభవించాడు. మనిషి అలిగితే ఎదుటివాళ్ళకు తెలియాలి. వీడి అలక వీడికి తప్ప ఎవరికీ తెలియలేదు.

నిమిషాల మీద మోజు కూడా మెల్లగా చచ్చింది. పదకొండు ఇండికేటర్లు ఒక్కొక్కటే తీసేశాడు. ఇరవై మూడు వారాలు పోయాక, ఒక పొద్దున, ఆమె చూసినట్టు చూద్దామనిపించింది. మొట్టమొదటిసారి వారం చార్టు మీద నొక్కాడు.

తెర నిండా నీలం అక్షరాలు.

రాసిన మాట ఏ చార్టులో కనపడాలో, ఏ చార్టులో కనపడకూడదో చెప్పే సౌకర్యం ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆమె వారం చార్టులో మాత్రమే కనపడేట్టు రాసింది. ఒక్కో క్యాండిల్ కింద ఒక్కో మాట.

‘సురేశ్‌గారు ఇక్కడికి రారు. ఇక మనిద్దరం ఇక్కడ మాట్లాడుకుందాం.’

‘చూశానన్నారు, మస్తుందన్నారు. ఆ ఒక్క మాట మీదే ఈ వారమంతా గడిచిపోయింది. జవాబు రాయకపోయినా పర్లేదు. మీకు సిగ్గని తెలుసు.’

‘ఇవాళ క్లినిక్‌లో ఒక తాతగారు మోకాలు వంచనని మొండికేశారు. మీరు గుర్తొచ్చారు.’

‘వానలో మీ రెయిన్‌కోటు నాకిచ్చి మీరు తడిశారు. జలుబు చేసిందా? పొద్దున వేడినీళ్ళు తాగండి.’

‘అమ్మకు మీ గురించి సగం చెప్పాను. మిగతా సగం మీరు చెప్పాలి.’

ఆఖరి క్యాండిల్ కింద మాట పొడవుగా ఉంది. ‘ఆదివారం పెళ్ళివాళ్ళు చూడటానికి వస్తున్నారు. శనివారం ఐదింటికి లోచో బండి దగ్గర ఉంటాను. మీరు వస్తే, ఇంట్లో వద్దని చెప్పే ధైర్యం నాకుంది. రాకపోతే అర్థం చేసుకుంటాను.’

దాని తర్వాత ఇరవై మూడు క్యాండిళ్ళు. ఏ ఒక్కదాని కిందా ఏమీ లేదు.

ఆ శనివారం ఐదింటికి తనెక్కడున్నాడో కమలాకర్‌కు బాగా గుర్తుంది. ఇంట్లోనే ఉన్నాడు. ‘సరైన సమయంలో ఎంట్రీ తీసుకోవడం ఎలా’ అన్న ఆన్‌లైన్ క్లాసు వింటూ, నోట్సు రాసుకుంటున్నాడు.

ఆ రోజు ఆఫీసుకు వెళ్ళలేదు. అడాజన్ క్లినిక్‌కు ఫోన్ చేసి, మెడనొప్పి అని చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. మెడనొప్పి అబద్ధం కాదు. రెండేళ్ళు స్క్రీన్‌కు అతుక్కుపోయిన మెడ ఎడమకు అసలు తిరగదు. తాపీ వంతెన మీద బండి నడుపుతూ దారి పొడుగునా ఒకటే వాక్యం వల్లెవేశాడు: ‘నేను చూడలే మేడమ్. ఇయ్యాలనే చూసిన. ఇప్పుడు చెప్తున్న.’ ఇదొక్కటి చెప్తే చాలు. చూసి రాకపోవడం వేరు, చూడకపోవడం వేరు. ఆమెకు అర్థమవుతుంది. ఇరవై మూడు వారాలంటే ఎంతని? ఆర్నెల్లు కూడా కాలేదు.

క్లినిక్ గది కర్టెన్ పక్కకు తొలగించి లోపలికి వచ్చిన మైథిలి, అతన్ని చూసి ఆగింది. తర్వాత ఫైలు తెరిచింది. తెల్ల కోటు కాలర్ దగ్గర నల్లపూసలు మెరిశాయి.

కమలాకర్ చూపు తిప్పుకోబోయాడు, మెడ తిరగలేదు.

“ఎప్పటి నుంచి నొప్పి?”

“ఇరవై మూడు వారాల నుంచి.”

ఆమె పెన్ను ఒక క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. “కూర్చోండి. చొక్కా కాలర్ వదులు చేయండి.”

అతని వెనక నిలబడి మెడ మీద వేళ్ళు ఉంచింది. ఇన్నాళ్ళ పరిచయంలో అతన్ని తాకడం అదే మొదలు. వేళ్ళు నొప్పి ఎక్కడుందో సూటిగా వెతుక్కుంటూ వెళ్ళాయి.

“పెండ్లయిందా మేడమ్?”

“రెండు నెలలైంది.”

“మంచిగ చూసుకుంటరా?”

“మంచాయన. వంట నాకంటే బాగా చేస్తారు. నేను నవ్వితే ఎందుకు నవ్వావని అడగరు, తనూ నవ్వుతారు.” ఆమె బొటనవేలు ఒకచోట నొక్కింది. కమలాకర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికే.

తర్వాత ఆమె అడిగింది. గొంతులో కోపం లేదు, అలిసిపోయిన కుతూహలం తప్ప.

“ఒక్కటి చెప్పండి. ఆరున్నర దాకా కూర్చున్నాను. బండివాడు జాలిపడి ఒక ప్లేటు ఊరికే ఇచ్చాడు. చూసి కూడా ఎందుకు రాలేదు?”

ఇప్పుడు చెప్పొచ్చు. చూడలేదని ఒక్క మాట అంటే తన తప్పు సగం మాఫీ. పిరికివాడు కాదు, ఒట్టి తెలివితక్కువవాడు అవుతాడు. కానీ ఆ సగం తప్పు ఎక్కడికి పోతుంది? ఈ అమ్మాయి ఇంటికి పోతుంది. వండిపెట్టే ఆ మంచి మనిషి పక్కన కూర్చుని, సురేశ్‌ను నంబరు అడిగి ఒక్క ఫోన్ చేసుంటే, ఒక్క మాట నోటితో అడిగుంటే అని రోజూ లెక్కలు వేసుకుంటుంది. ఆ లెక్కలు ఎలా ఉంటాయో పొద్దుటి నుంచి అతనికి తెలుసు.

“చూసిన మేడమ్,” అన్నాడు కమలాకర్. “అన్నీ సదివిన. ధైర్యం జాలలే.”

వేళ్ళు ఆగాయి.

“అంతేనా?”

“గంతే. ఇంట్ల ఏమంటరో, మీ నాయిన ఏమంటడో అని భయమైంది. ఇంట్లనే కూసున్న.”

తర్వాత ఒక పెద్ద ఊపిరి, ఎన్నో రోజుల నుంచి బిగబట్టినది, అతని తల మీదుగా పోయింది.

“నాలో ఏం తక్కువైందా అని వెతుక్కున్నానండీ ఇన్నాళ్ళూ. రాసింది ఎక్కువైందా, తొందరపడ్డానా అని.”

“మీల ఏం తక్కువ లేదు మేడమ్. తక్కువంత నాదే. అసొంటి మాటలు నాకు ఎవరు రాయలే, ఇంక రాయరు గూడ. మీరంటే నాకు...” అంతవరకూ వచ్చి ఆగి, మిగతాది మింగాడు. “మీరు సల్లగుండాలె.”

“పిరికివాడివి నువ్వు,” అంది మైథిలి.

ఆమె అతన్ని నువ్వనడం అదే మొదలు. ఆ మాటలో తిట్టు ఎంతుందో, ఏడుపు ఎంతుందో కమలాకర్ వేరుచేసి చూసుకోలేదు. చూసుకునే హక్కు లేదనిపించింది. ఆమె అతని గడ్డం పట్టుకుని, మెల్లగా ఎడమకు, ఇంకొంచెం ఎడమకు తిప్పింది. లోపల ఎక్కడో టక్కుమంది.

“రోజూ పదిసార్లు ఇలా తిప్పండి,” అంది మళ్ళీ డాక్టర్ గొంతుతో. “స్క్రీన్ కళ్ళ ఎత్తులో పెట్టుకోండి. తగ్గిపోతుంది.”

బయట కౌంటర్ దగ్గర అమ్మాయి రిజిస్టర్ తెరిచి, మళ్ళీ ఎప్పటికి రాయాలని హిందీలో అడిగింది. “భాయ్, ఫిర్ కబ్ కా లిఖూ?”

“మత్ లిఖో బెహన్. ఠీక్ హో గయా.” రాయొద్దన్నాడు, తగ్గిపోయిందన్నాడు.

నిజంగానే తేలికైంది. సిగ్గులేని మెడ, రెండేళ్ళ తర్వాత ఎటు కావాలంటే అటు తిరుగుతోంది. వెనక కర్టెన్ రింగుల చప్పుడైంది. ఆమె బయటికి వచ్చి నిలబడిందని అతనికి తెలుసు. తలుపు దాకా ఉన్న ఆ పది అడుగులూ కమలాకర్ తన మెడను, చాలా కష్టం మీద, తిన్నగానే పట్టుకుని నడిచాడు.