ఎడమ గోడ మీది బాణం

తనని భయపెట్టే చీకటి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని డబ్బా అనే కుర్రాడు ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాడు. అప్పటికి టార్చి వెలుగుతోంది.

ఇన్‌స్పెక్టర్ టార్చి ఆపేసింది.

మళ్లీ వెలిగించేసరికి డబ్బా రెండు చేతులతో కానిస్టేబుల్ బెల్టు పట్టుకుని వేలాడుతున్నాడు.

"వదులు బాబూ," అన్నాడు కానిస్టేబుల్. "ప్యాంటు జారిపోయేలా ఉంది."

"మీరు భయపడతారేమోనని పట్టుకున్నా సార్."

"భయపడ్డా. నువ్వు పట్టుకున్నాకే."

మూతబడ్డ నూలు మిల్లు కింద, ఇనప తలుపు దాటి కాస్త లోపల నిలబడి ఉన్నారు ముగ్గురూ. మిల్లు నడిచిన రోజుల్లో ఈ సొరంగాల్లోంచే పైపుల మీద ఆవిరి వెళ్లేది. ఇప్పుడు తుప్పూ గబ్బిలాలూ నీళ్ల చప్పుడూ మిగిలాయి. పొద్దున తొమ్మిదిన్నరకి ఈ తలుపులోంచి దిగిన ఒక కుర్రాడు మధ్యాహ్నం రెండైనా పైకి రాలేదు. బయట వాన దంచేస్తోంది. లోపల నీళ్లు పెరుగుతున్నాయి.

ఆ కుర్రాణ్ణి అందరూ బల్లి అంటారు. గోడ కనిపిస్తే చాలు, ఎక్కేస్తాడు. డబ్బాకి చిన్నప్పటి స్నేహితుడు. డబ్బా సెల్‌ఫోన్ రిపేర్ షాపులో పనిచేస్తాడు. వాడికా పేరెందుకొచ్చిందో, వాడితో ఐదు నిమిషాలు మాట్లాడినవాళ్లెవరూ అడగరు. వీళ్లిద్దరి మీదా పెత్తనం బల్లి సొంత అక్కది. ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. డబ్బా కూడా ఆమెని అక్కా అనే పిలుస్తాడు.

ఆదివారమొస్తే ముగ్గురూ పాడుబడ్డ బిల్డింగులు వెతుక్కుంటూ పోతారు. దొంగతనానికి కాదు, ఫోటోలకి. ఇంట్లో మంచం జరపమంటే నడుం నొప్పి అనే వీళ్లు, ఎవరో వదిలేసిన ఫ్యాక్టరీలో పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి, సాలెగూళ్లు నెత్తినేసుకుని, పెళ్లికెళ్లొచ్చినంత సంబరంగా తిరిగొస్తారు.

ఈసారి అలా జరగలేదు.

"మళ్లీ చెప్పు," అంది ఇన్‌స్పెక్టర్. "నువ్వు ఎక్కడిదాకా వెళ్లావు?"

"ఈ తలుపు దాకానే మేడమ్. వాడు లోపలికెళ్లాడు. నేను కాపలా ఉన్నా."

"దేనికి కాపలా?"

"తలుపుకి."

"ఇంత బరువున్న తలుపుని ఎవరెత్తుకుపోతారు?"

డబ్బాకి మామూలుగా ఏ ప్రశ్నకైనా మూడు జవాబులు దొరుకుతాయి. ఇప్పుడు ఒక్కటీ దొరకలేదు.

తలుపు బయట మెట్టు మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్లో బల్లి షూ. ఒక్కటే. వెతకడానికి వచ్చిన ఫైర్ వాళ్లకి కింది కాలవలో, నడుముల్లోతు నీళ్లలో తేలుతూ కనిపించింది. అప్పటినుంచి వాళ్లు కేకలేసి పిలవడం మానేశారు. పొడుగాటి కర్రలు తెప్పించుకున్నారు. ఆ కర్రలు దేనికో అక్క అడగలేదు. డబ్బా అటు చూడలేదు.

"అక్కడికెలా వెళ్తాడు మేడమ్?" అంది అక్క. గొంతు బొంగురుపోయింది. "లోపల దారి రెండుగా చీలుతుంది. ఎడమది బాయిలర్ గదికి. కుడిది కాలవలోకి. కుడివైపు అడుగు పెట్టొద్దని లక్షసార్లు చెప్పా."

"చీలిక దగ్గర సుద్దతో బాణం గీసుంది. కాలవవైపే చూపిస్తోంది."

"బాణమా?" అక్క లేచి నిలబడింది. "కాలవవైపా? కుడిచేతిలో టార్చి, ఎడమ చేతిలో సుద్ద పట్టుకుని గీస్తాం, మా బాణాలు ఎప్పుడూ బయటికే చూపిస్తాయి. వెళ్లే దారి కాదు, తిరిగొచ్చే దారి. లోపల చీకట్లో కాసేపు తిరిగితే ఏది ఎటో బుర్రకి తెలీదు. అందుకే మా రూలు ఒకటే. బుర్ర ఒకటి చెప్పి, బాణం ఒకటి చెబితే, బాణం మాటే వినాలి."

"అంటే మీ తమ్ముడు దాన్ని చూసి, అదే బయటికి దారి అనుకున్నాడు."

అక్క మెల్లగా పక్కనున్న వాచ్‌మన్ వైపు తిరిగింది. "నిన్నగాక మొన్న ఈయనే అన్నాడు మేడమ్. ఇంకోసారి వస్తే లోపలేసి తలుపు మూసేస్తానన్నాడు."

మిల్లు వాచ్‌మన్ ముసలాయన. గొడుగు కిందే వణుకుతున్నాడు.

"అన్నానమ్మా. నోటితో అన్నా. ఆ తలుపు దాటి నేను లోపలికెళ్లడమా? ఇన్నేళ్లలో ఒక్కసారి తొంగి చూశా. ఆ రాత్రి మా ఆవిడ చెయ్యి తగిలినా కెవ్వుమన్నా."

"తొమ్మిదిన్నర నుంచి ఎక్కడున్నారు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"పైన. ఈ అమ్మాయి పెద్ద హాల్లో కెమెరా పెట్టుకుంటే దిగమని తిడుతూ ఉన్నా. అమ్మాయి కదల్లేదు. నేనూ తిట్టడం ఆపలేదు."

"నిజమేనా?"

అక్క తలవంచుకుంది. "నిజమే. పదిన్నరకి డబ్బా పరిగెత్తుకుంటూ వచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ అక్క చేతిలోంచి షూ తీసుకుని తిప్పి చూసింది. తిరిగిచ్చేసింది. డబ్బా వైపు చూసింది.

"పద. నువ్వూ లోపలికి."

"నేనెందుకు మేడమ్? నాకు దారి తెలీదు కదా."

"నేను చూపిస్తా."

సొరంగంలో కళ్లు తెరిచినా మూసినా ఒకటే. డబ్బా మూసుకునే నడిచాడు. పైకప్పు నుంచి చల్లటి చుక్క మెడ మీద పడ్డప్పుడల్లా ఎవరో వేలు పెట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. దూరంగా నీళ్లు హోరుమంటున్నాయి. పొద్దున అంత హోరు లేదు. ఆ తేడా తెలిసింది వాడొక్కడికే. ఆ మాట పైకి అనడానికి లేదు, వాడు లోపలికి రాలేదు కదా.

చీలిక దాటించి బాయిలర్ గది దారిలో కొంతదూరం తీసుకెళ్లింది ఇన్‌స్పెక్టర్. అక్కడేమీ చూపించలేదు. వెనక్కి తిప్పింది. మళ్లీ చీలిక దగ్గరికి వచ్చేసరికి అక్క, వాచ్‌మన్, ఫైర్ ఆఫీసర్ నిలబడి ఉన్నారు. వాచ్‌మన్ ఫైర్ ఆఫీసర్ చొక్కా పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"ఫైర్ వాళ్లకి దారి కొత్త," అంది ఇన్‌స్పెక్టర్ నడుస్తూనే. సుద్దముక్కా టార్చీ డబ్బాకి ఇచ్చింది. "బయటికి దారి తెలిసేలా ఒక బాణం గీసెయ్. తొందరగా."

టార్చి కుడిచేతిలోకి పోయింది. సుద్ద ఎడమ చేతిలోకి. డబ్బా ఆలోచించనేలేదు. ఎడమవైపు గోడ మీద, భుజమెత్తున, సర్రున ఒక బాణం గీశాడు.

టార్చి వెలుగులో రెండు బాణాలు కనిపించాయి. పైన పాతది, కింద కొత్తది. అదే పొడవు, అదే వంకర తోక. ముక్కులు మాత్రం చెరోవైపు.



"మీరు ముగ్గురూ కుడిచేత్తో టార్చి పట్టుకుంటారు," అంది ఇన్‌స్పెక్టర్. "ఎడమ చేత్తో గీస్తారు. ఎటు నడిచినా మీ బాణం మీ ఎడమవైపే పడుతుంది. బల్లి లోపలికి వెళ్తూ గీసినవన్నీ అదిగో, ఎదుటి గోడ మీద. చీలిక దగ్గరది మాత్రం ఎవరో తడిచేత్తో చెరిపేశారు. దానికి బదులు గీసింది ఈ గోడ మీద ఉంది. అంటే గీసినవాళ్లు బయటికి వస్తున్నారు. బయటివాడు మోసం చెయ్యాలంటే పాత బాణాల వరసలోనే గీస్తాడు, అనుమానం రాకుండా. మీవాళ్ల చేతికి గోడ గుర్తుండదు. ఎడమ ఒక్కటే గుర్తుంటుంది."

డబ్బా చేతిలో సుద్దముక్క విరిగింది.

"నేనే మేడమ్. వాడికి తెలీకుండా వెనకాలే వెళ్లి, తిరిగొస్తూ గీశా, తమాషాకి. పది నిమిషాలు తిరిగి, బిక్కమొహం వేసుకుని వస్తాడనుకున్నా."

అక్క కొట్టలేదు. అది ఇంకా ఘోరంగా ఉంది.

"వాడు వచ్చేదాకా ఉండాలి కదా," అంది ఇన్‌స్పెక్టర్. "మధ్యలో ఎందుకు బయటికి వచ్చావు?"

"ఫోనొచ్చింది."

"ఇక్కడ సిగ్నల్ లేదు."

"బ్యాటరీ అయిపోయింది."

"ఫోనొచ్చి అయిపోయిందా, అయిపోయాక వచ్చిందా?"

నీళ్ల హోరు ఒక్కసారిగా పెరిగినట్టయింది. బాణం గీశానని చెప్పడమే తేలికగా ఉంది. ఇది నోటికి రావడం లేదు.

"భయమేసింది," అన్నాడు చివరికి, ఎవరికీ వినపడకూడదన్నట్టు. "ఇక్కడ గోడలో ఉన్న ఆ గూట్లో దాక్కున్నా. నా నెత్తి మీద టంగుటంగుమని ఏదో కొట్టింది. ఆగి ఆగి కొట్టింది. తుప్పు రాలి కళ్లలో పడింది. దయ్యం అనుకున్నా. వెనక్కి చూడకుండా పరిగెత్తా."

ఇన్‌స్పెక్టర్ వాడి భుజం పట్టుకుంది. "నెత్తి మీద ఏముంది? పైపా? ఏ పైపు?"

పైకప్పు నిండా పైపులే. డబ్బా గూట్లోకి దూరి, పొద్దున కూర్చున్నట్టే కూర్చుని, తలెత్తి వేలు పెట్టి చూపించాడు. అన్నిటికన్నా సన్నటిది.

టార్చి దాని వెంట పరిగెత్తింది. పైపు కాలవ దారిలోకి తిరిగింది. నీళ్లు మొదలయ్యేచోటికి ముందే, గోడలో ఉన్న ఒక సన్నటి సందులోకి వంగి, నిలువుగా పైకి పోయింది. గాలి కోసం కట్టిన గొట్టం. ఫైర్ వాళ్లు దాని కిందనుంచి ఎన్నోసార్లు నడిచారు. అందరి కళ్లూ నీళ్ల మీదే ఉన్నాయి, చెవుల నిండా నీళ్ల హోరే ఉంది.

"షూ లేసు తెగలేదు, ఊడిపోలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "విప్పారు. మునిగిపోయేవాడు లేసు విప్పుకోడు."

"వాడు గోడెక్కేముందు విప్పుతాడు," అంది అక్క. వెక్కిళ్లలో సగమే వినిపించింది.

ఫైర్ ఆఫీసర్ కర్రతో పైపు మీద కొట్టాడు. నీళ్లు హోరుమన్నాయి. ఏమీ లేదు. మళ్లీ కొట్టాడు. డబ్బా అన్ని దేవుళ్లకీ ఒకేసారి మొక్కేశాడు.

టంగ్.

సన్నగా, చాలా పైనుంచి.

బల్లిని తాళ్లతో దించడానికి గంట పట్టింది. విప్పిన షూల్లో ఒకటి కాలవలోకి జారిపోతే వదిలేసి, పాత ఇనప మెట్లు పట్టుకుని వెలుతురు వైపు ఎక్కాడట. పైన మూత తెరుచుకోలేదు, కింద మెట్లు విరిగిపోయాయి. దించేసరికి నీళ్లు ఆ గొట్టం కిందికి వచ్చేశాయి. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి, పళ్లు టకటకలాడుతున్నాయి. అక్క వాణ్ణి ఒక చేత్తో కొట్టింది, ఇంకో చేత్తో కావలించుకుంది.

"సారీ అక్కా," అన్నాడు బల్లి. "నాదే తప్పు. వెళ్తూ వెళ్తూ బాణం తిరగేసి గీసేసినట్టున్నా. నిన్ను ఇంత ఏడిపించా."

అక్క వాడికి షూ తొడుగుతోంది. ఇన్‌స్పెక్టర్ టార్చి మీది బురద తుడుచుకుంటోంది. కానిస్టేబుల్ తన బెల్టు సరిచేసుకున్నాడు. ఎవరూ డబ్బా వైపు చూడలేదు. ఎవరూ వాడి బదులు చెప్పేలా లేరు.

డబ్బా నోటిదాకా ఒక అబద్ధం వచ్చింది. చాలా మంచి అబద్ధం. బల్లి నమ్మేసేవాడు కూడా.

"నువ్వు కరెక్టుగానే గీశావురా," అన్నాడు డబ్బా. "అది చెరిపింది నేను. అవతలిది గీసింది కూడా నేనే. నువ్వు ఏడిస్తే వీడియో తీద్దామని కూర్చున్నా. నువ్వు పైపు కొట్టడం విన్నాన్రా. విని పారిపోయా."