మార్పుకి కారణం

మా ఆఫీసులో నన్ను అందరూ బటన్ బాబాయ్ అంటారు. నాకు ఇంకా ఇరవై తొమ్మిది నిండలేదు. బాబాయ్ అని పిలవడానికి అన్నయ్య పిల్లలూ లేరు. అయినా పేరు పెట్టినవాళ్ళు అవేమీ విచారించలేదు.

పేరులో మొదటి సగం మాత్రం న్యాయమే. మా కంపెనీ డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు మూడు తయారుచేస్తుంది. మందుల షాపులకి ఒకటి, లైబ్రరీలకి ఒకటి, పళ్ళ డాక్టర్లకి ఒకటి. మూడింటికీ మూడు టీములున్నాయి. కానీ ఆ మూడింటిలో కనిపించే బటన్లు, తేదీ పెట్టెలు, "నిజంగా తీసెయ్యమంటారా?" అని అడిగే డైలాగ్ బాక్సులు నేనొక్కణ్ణే చేస్తాను. ఒకసారి చేస్తే అందరూ వాడుకోవాలి, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారాలి. వాటిని కాంపొనెంట్లు అంటారు. నేను మనసులో పిల్లలు అనుకుంటాను.

ఒక సోమవారం పొద్దున పళ్ళ డాక్టర్ల సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. అందులో పదకొండు రకాల బటన్లున్నాయి. నేను చేసింది ఒక్కటే. మిగతా పదీ దాన్నే కాపీ కొట్టి, మూలలు చెక్కి, రంగులు పులిమి ఎవరో సొంతానికి వాడుకుంటున్నారు.

ఆ ఎవరో ఎవరో తేల్చుకుందామని లేవబోతుంటే, ఒకమ్మాయి లాప్‌టాప్ చంకన పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. నెల క్రితం పళ్ళ టీములో చేరిన కొత్తమ్మాయి. బయట వాన. ఆమె జడ చివరి నుంచి నా కీబోర్డు మీద ఒక చుక్క పడింది.

"బటన్ బాబాయ్ గారంటే మీరేనా?"

కోపంగా తలెత్తాను. ఎత్తకుండా ఉండాల్సింది. అడగాలనుకున్నవాటిలో సగానికి సగం మరిచిపోయాను.

"బటన్ వరకూ నేనే. బాబాయ్ మాత్రం కాదు."

"మీ డైలాగ్ బాక్సులో తప్పుంది."

"నా బటన్‌కి మీ సాఫ్ట్‌వేర్లో పది మారువేషాలున్నాయి. ముందు దాని సంగతి చెప్పండి."

"అవి మారువేషాలు కాదు, మరమ్మతులు." లాప్‌టాప్ నా బల్ల మీద పెట్టి తెరిచింది. "ఇదిగో చూడండి. అపాయింట్‌మెంట్ తీసెయ్యమంటారా అని అడుగుతోంది. కింద సరే, వద్దు. ఎంటర్ కొడితే సరే పడిపోతోంది. చదవకుండా ఎంటర్ కొట్టేవాళ్ళ గతేంటి?"

"చదవకుండా ఎవరు కొడతారండీ?"

"మా అత్త."

విషయం ఏమిటంటే, ఆమె నాన్నగారు పళ్ళ డాక్టరు. మా సాఫ్ట్‌వేర్‌ని అందరికంటే ముందు వాడి చూసేది ఆయన క్లినిక్కే. అక్కడ ముందు బల్ల దగ్గర కూర్చునేది ఆయన అక్కగారు. తల్లి లేని ఈ పిల్లని పెంచింది ఆవిడే. పెట్టె ఇలా రావడం, ఆవిడ అలా ఎంటర్ కొట్టడం. కిందటి వారం ఒకాయన బుగ్గ వాచిపోయి వచ్చి కూర్చుంటే లిస్టులో పేరే లేదట.

"ఒక్క అత్తగారి కోసం కాంపొనెంట్ మార్చలేమండీ."

"మరి ఎవరి కోసం మారుస్తారు? బాబాయ్‌ల కోసమా?"

మా దగ్గర ఒక పద్ధతుంది. కాంపొనెంట్‌లో చిన్న గీత మార్చాలన్నా ఒక ఫారం నింపాలి. అందులో "మార్పుకి కారణం" అని ఒక గడి. ఆ ఫారం మూడు టీములకీ వెళుతుంది. వాళ్ళు అడిగితే నేను, నేను అడిగితే వాళ్ళు ఒప్పుకుంటేనే మార్పు. ఆ పద్ధతి పెట్టింది నేనే, దాని గురించి లెక్చర్లు దంచేదీ నేనే.

మధ్యాహ్నానికల్లా ఆమె ఫారం వచ్చింది. కారణం: మా అత్త.

తిప్పి పంపాను. "కారణం నిజంగా రాయండి" అని కింద రాశాను.

పది నిమిషాల్లో మళ్ళీ వచ్చింది. కారణం: హడావిడిలో ఉన్న మనిషి చదవడు. చదవని మనిషికి నష్టం జరక్కూడదు. (మా అత్తకి కూడా.)

ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి మా సాఫ్ట్‌వేర్లన్నింటిలో ఎంటర్ కొడితే వద్దు పడుతుంది. సరే అనాలంటే మౌస్ పట్టుకుని, వెళ్ళి, చూసి నొక్కాలి.

ఆ తర్వాత ఆమె రోజూ వచ్చేది. తేదీ పెట్టెలో ఆదివారం ఎర్రగా ఎందుకుంది, బటన్ మూల అంత గుండ్రంగా ఎందుకుంది, ప్రతిదానికీ దెబ్బలాటే. రెండు వారాల్లో మీరు కాస్తా నువ్వు అయింది. బాబాయ్ మాత్రం పోలేదు.

ఒక సాయంత్రం పెద్ద వాన. బస్టాపు దాకా ఆమె గొడుగులో నడిచాను.

"ఆ పది కాపీలూ ఎప్పుడు తీసేస్తావు?" అన్నాను.

"నీ కాంపొనెంట్ల మీద నమ్మకం కుదిరినప్పుడు."

"ఎప్పుడు కుదురుతుంది?"

"గొడుగు ఇటు వంచు బాబాయ్, నా భుజం తడుస్తోంది."

వంచాను. నా భుజం తడిసింది. అంత హాయిగా తడవడం నాకు అదే మొదలు.

ఇంక అసలు కథ. ఒక గురువారం మధ్యాహ్నం డైలాగ్ బాక్సులో పొడుగాటి వాక్యం పడితే అక్షరాలు బయటికి పొంగుతాయో లేదో చూడాలి. మామూలుగా అ ఆ ఇ ఈ అని నాలుగు వరుసలు కొట్టేస్తాను. ఆ రోజు ఆమె సెలవు. రోజూ ఆమె వచ్చి కూర్చునే కుర్చీ ఎదురుగా ఖాళీగా కనిపిస్తోంది. చేతులు నా మాట వినలేదు.

"నువ్వు వచ్చి దెబ్బలాడని రోజు నాకు రోజులా అనిపించడం లేదు. నీతో పోట్లాడటానికి కారణాలు వెతికి వెతికి అలిసిపోయాను. ఇకమీదట ఎన్ని వానలు కురిసినా మనిద్దరికీ ఒకటే గొడుగు ఉండాలని నా కోరిక. నీకు ఇష్టమేనా?"

కింద సరే, వద్దు. అక్షరాలు పొంగలేదు, చక్కగా సర్దుకున్నాయి. చెరిపేద్దామనుకునేలోగా మేనేజర్ కేకేశారు. కొత్త కాంపొనెంట్లు ఇంకా పంపలేదేమని ఒకటే తొందర. వెనక్కి వచ్చి పంపించేశాను, చెరపడం మర్చిపోయాను. ఏ టీమైనా తన వాక్యం తాను పెట్టుకుంటే నాది కనపడదు. పెట్టుకోకపోతే నాది కనపడుతుంది.

మర్నాడు ఆమె వచ్చింది. నాకు చెప్పకుండా, ఆశ్చర్యపరుద్దామని, తన పది బటన్లూ, వాటితో కట్టుకున్న సొంత డైలాగ్ బాక్సూ తీసేసి అన్నిచోట్లా నావే పెట్టింది. ఆమె రాసుకున్న వాక్యం ఆ పాత పెట్టెతోపాటే పోయింది. బాబాయ్ చేసిందే కదా, మళ్ళీ చూడటమెందుకని క్లినిక్‌కి పంపేసింది. నమ్మకం కుదిరిందన్నమాట. అదీ ఆ రోజే కుదరాలా!

మంగళవారం పొద్దున డాక్టరు గారూ, అక్కగారూ మా మేనేజర్ గదిలో ఉన్నారు. నన్నూ ఆమెనూ పిలిచారు.

"నిన్న క్లినిక్ తలుపు తీసేసరికి గది నిండా జనం," అన్నారు డాక్టరు గారు. "లిస్టు చూస్తే ఖాళీ. నలభై మూడు అపాయింట్‌మెంట్లు మాయం. అక్కా, నువ్వే చెప్పు."

అక్కగారు చీర చెంగు సర్దుకున్నారు. "శనివారం ఒకాయన రానని ఫోన్ చేస్తే ఆయన పేరు తీశాను. పెట్టె వచ్చింది. అందులో ఎంత బాగా రాసుందో! నా జన్మలో కంప్యూటర్ అంత మర్యాదగా మాట్లాడ్డం చూడలేదు. సరే అన్నాను. పోయింది. మళ్ళీ చదవాలనిపించి ఇంకోటి తీశాను."

"వద్దు నొక్కి ఊరుకోవచ్చుగా అత్తా!" అంది ఆమె.

"అంత మనసు పెట్టి అడుగుతుంటే వద్దని ఎలా అంటానే? నలభై మూడు సార్లూ మౌస్ పట్టుకుని మరీ సరే అన్నాను."

మేనేజర్ ముఖం పాలిపోయింది. "ఎవరు రాశారది?"

ఆమె తన లాప్‌టాప్ తెరిచి ఆ వాక్యం చదువుతోంది. గొడుగు అన్న మాట దగ్గర ఆగింది. మెల్లగా తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏదో ఎదురుచూస్తున్నట్టుంది.

ఎదురుగా పళ్ళు పీకే చేతులు, పక్కన ఉద్యోగం పీకే చేతులు. నాకు ధైర్యం చాల్లేదు.

"నేనే సార్. ఉత్త నమూనా వాక్యం. అక్షరాలు పడతాయో లేదో చూడ్డానికి పెట్టాను. డమ్మీ."

"మనసులోంచి రాసింది కాదా బాబూ?" అన్నారు అక్కగారు.

"కాదండీ."

"అయ్యో, డమ్మీకా నేను అన్నిసార్లు సరే అన్నది!"

ఆమె లాప్‌టాప్ మూసింది. "సార్, పళ్ళ టీము రేపటి నుంచి తన కాంపొనెంట్లు తనే చేసుకుంటుంది. వేరేవాళ్ళవి నమ్మి వాడటం నాదే పొరపాటు," అని మేనేజర్‌తో చెప్పి వెళ్ళిపోయింది.

అపాయింట్‌మెంట్లన్నీ బ్యాకప్‌లో భద్రంగానే ఉన్నాయి. గంటలో తిరిగి తెచ్చేయొచ్చు. కానీ ఆమె ఇక నా బల్ల దగ్గరికి రాదు. దానికి బ్యాకప్ లేదు. నోటితో నేనే తీసేశాను, కనీసం నిజంగా తీసెయ్యమంటారా అని కూడా ఎవరూ అడగలేదు.

లిస్టు వచ్చేదాకా పెద్దవాళ్ళిద్దరూ మేనేజర్ గదిలోనే కూర్చున్నారు. నేను ఆ వాక్యం తీసేసే ఫారం తెరిచాను. మార్పుకి కారణం: నమూనా వాక్యం పొరపాటున మిగిలిపోయింది. పళ్ళ టీము ఒప్పుకోవాలి కాబట్టి అది ఆమెకే వెళ్ళింది.

నిమిషంలో తిరిగొచ్చింది. కింద ఒకటే ముక్క: "కారణం నిజంగా రాయండి."

నా మాటే. అదీ మళ్ళీ మీరు అని.

చాలాసేపు ఆ గడి వంక చూశాను. ఇక్కడ ఏం రాసినా మూడు టీములూ చదువుతాయి. మేనేజర్ చదువుతారు. తల గోక్కుని, మంచినీళ్ళు తాగి, రాశాను.

"కారణం: అది నమూనా కాదు, నిజం. ఎదురుగా చెప్పే ధైర్యం లేక పెట్టెలో పెట్టాను. ఇందాక అందరి ముందూ అబద్ధం చెప్పాను. ఆ మాటలు పెట్టెలోంచి తీసేస్తున్నాను, ఎందుకంటే అవి నేను నోటితో చెప్పాల్సినవి."

పంపించాను. పది క్షణాల్లో లైబ్రరీ టీములో ఒక తల లేచింది. తర్వాత మందుల షాపు టీములో రెండు. కాసేపటికి ఆఫీసు మొత్తం నిలబడి నన్నే చూస్తోంది.

ఆమె జవాబు వచ్చింది. "రెండు లోపాలున్నాయి. ఒకటి, ఎవరికి చెప్పాలో రాయలేదు. రెండు, నాలుగు బల్లల అవతల మనిషిని పెట్టుకుని ఫారాలు నింపడమేంటి, కాళ్ళు లేవా?"

కాళ్ళున్నాయి. వెళ్ళాను. ఆమె స్క్రీన్ నా వైపు తిప్పింది. నా డైలాగ్ బాక్సే. ఒక్క గీత కూడా మార్చలేదు, మూలలు కూడా గుండ్రంగానే ఉన్నాయి. "ఇందాక చెప్పింది అబద్ధమేనా?" అని రాసుంది. అవును, కాదు.

మౌస్ పట్టుకుని అవును నొక్కాను.

"చదివే నొక్కావా?"

"మూడుసార్లు చదివాను."

"ఇంకోసారి ఎవరి ముందైనా నన్ను డమ్మీ అన్నావంటే..."

"నిన్ను కాదు, వాక్యాన్ని అన్నాను!"

"రెండూ ఒకటే."

వెనక నుంచి డాక్టరు గారి గొంతు. "ఏమ్మా, ఎవరితో ఆ గొడవ?"

ఆమె కంగారుపడింది. "బటన్ బాబాయ్‌తో నాన్నా."

"బాబాయా? నాకు తమ్ముడెప్పుడు పుట్టాడు?"

"ముందు ఆ వరస మార్చండర్రా," అంటూ అక్కగారు వచ్చేశారు. ఫారం సంగతి మేనేజర్ గదిలో అప్పటికే చదివేసినట్టున్నారు, ముఖం వెలిగిపోతోంది. "నాకు తెలుసు, అది డమ్మీ కాదని. డమ్మీ మాటలకి నా కళ్ళెందుకు చెమరుస్తాయి? ఒరే తమ్ముడూ, మన ఇంటి తరఫున నేను నలభై మూడు సార్లు సరే అనేశాను. ఇక నువ్వేం అడ్డు చెప్పకు."

డాక్టరు గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "నా లిస్టు వచ్చిందా?"

"వచ్చిందండీ. నలభై మూడూ వచ్చాయి."

"సరే మరి. మా అక్క సరే అన్నాక నా దగ్గర వద్దు అనే బటన్ ఉండదు."

"బాగుంది," అంది ఆమె చేతులు కట్టుకుని. "అందరూ సరే అనేసుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు."

నిజమే. నేను ఇప్పటిదాకా ఆమెని అడగనే లేదు. కంప్యూటర్ చేత అడిగించాను, ఫారం చేత అడిగించాను. బయట మళ్ళీ వాన మొదలైంది. ఆఫీసంతా వింటుండగా, ఈసారి నోటితోనే అడిగాను.

"ఇకమీదట ఎన్ని వానలు కురిసినా, మనిద్దరికీ ఒకటే గొడుగు ఉంటే... నీకు ఇష్టమేనా?"

ఆమె మౌస్ అందుకుని నా ఫారానికి ఆమోదం నొక్కింది. తర్వాత వాళ్ళ అత్త వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"నలభై నాలుగు," అంది.