గాలిని బంధించిన తొక్కుడు చక్రం

పిల్లలూ, దమ్ము సంగతి నన్నడగండి. వయసులో ఉండగా మా ఊరి కొండను ఒక్క దమ్మున ఎక్కినవాణ్ణి. అందుకే మాచమ్మ కథ చెప్పే అర్హత నాకొక్కడికే ఉంది.

తూరుపుకోట రాజ్యంలో ఒకనాడు గాలి ఆగిపోయింది. తూర్పారబడితే గింజా పొట్టూ కలిసే కిందపడ్డాయి. ఉయ్యాలల్లో పసిపిల్లలు ఉక్కకు సొమ్మసిల్లుతున్నారు. గాలినంతా ఉక్కాసురుడనే రాక్షసుడు కొండగుహలోకి లాక్కుపోయాడని తెలిసి, రాజుగారి కబుర్లు మోసే మాచమ్మ పరుగున బయలుదేరింది. అడవులకు అడవులే ఆగకుండా దాటేసిన పిల్ల అది.

గుహలో అడుగు పెట్టగానే వెనక బండ మూసుకుంది. లోపల గాలినంతా కుక్కిన కొండంత తోలుతిత్తి. దాని ముందు ఉక్కాసురుడు పెద్ద చక్రాన్ని కాళ్ళతో తొక్కుతున్నాడు. అది తిరిగినంతసేపే తిత్తి మూతి బిగిసి ఉంటుంది.

పక్కనున్న ఇంకో చక్రం చూపించి, "నాకంటే ఎక్కువసేపు తొక్కావా, గాలినీ నిన్నూ వదిలేస్తా. ఓడావా, ఇక్కడే పడుంటావు," అన్నాడు.

ఇంత పరిగెత్తినదానికి ఇదొక లెక్కా అనుకుంది మాచమ్మ. కాసేపటికే తొడలు మండిపోయాయి, రొప్పు ముంచుకొచ్చింది. రాక్షసుడు మాత్రం పాట పాడుకుంటూ తొక్కుతూనే ఉన్నాడు.

ఓడిన మాచమ్మ బండను తోసింది, గోళ్ళతో గీరింది. అది కదల్లేదు. ఆ ఉక్కలో తన ఊపిరి తనకే చాలడం లేదు. ఎంత దమ్మున్నా, కాళ్ళకు అలవాటు లేని పనిలో అక్కరకు రాదన్నమాట అనుకుంటూ గోడకు చేరగిలబడింది.

నాకూ అదే తెలిసొచ్చింది లెండి. మా ఊరి కొండ ఎక్కింది మా ఎద్దు. నేను దాని తోక పట్టుకున్నాను.

చాలాసేపు రాక్షసుడి కాళ్ళకేసి చూసి మాచమ్మ మెల్లగా అడిగింది. "మామా, నువ్వీ చక్రం దిగి ఎన్నాళ్ళయింది?"

"దిగడమెందుకే? తిండీ నిద్రా దీనిమీదే."

ఒక్క గంతులో వాడి కిరీటం లాక్కుని ఆమె గుహలో పరుగందుకుంది. "నీ దమ్ముకు నేనొక లెక్కా మామా? వచ్చి పట్టుకో."

వాడు పళ్ళు కొరుకుతూ దిగాడు. గుహను ఒక చుట్టు చుట్టేసరికి పిక్కలు పట్టేశాయి, నాలుక బయటికొచ్చింది. "ఆగవే... కాస్త ఆగవే తల్లీ," అంటూ కూలబడ్డాడు.

అప్పటికి చక్రం ఆగిపోయింది. తిత్తి మూతి విడిపోయి, గాలి బండను ఎగరగొట్టి, రాక్షసుణ్ణి ఏ సముద్రంలోనో విసిరేసి, మాచమ్మను వెనకనుంచి నెట్టుకుంటూ ఊరికి చేర్చింది. చేటల్లోంచి పొట్టు ఎగిరింది. ఉయ్యాలల్లో పసివాళ్ళు కళ్ళు తెరిచారు. రాజు సంతోషించి, తన కొడుకునిచ్చి మాచమ్మకు ఘనంగా పెళ్ళి చేశాడు.

ఆ పెళ్ళి మాత్రం నేను కలిపిందే. మిగతాదంతా నిజం. పీటల మీద కూర్చోబెడదామంటే, ఆ పిల్ల ఒక్కచోట ఆగితే కదా.