బటర్‌స్కాచ్ పక్కన బేరింగు

"బన్నులు కాల్చే ఓవెన్‌లో ఇనుమా? బయటికి నడువు!"

కొత్తగూడెం బస్టాండు ముందున్న తమ బేకరీలో రాజ్యశ్రీ తొలి మాట అదే. ఎదురుగా కొత్త మెకానిక్ శివ, తాంబూలం తెచ్చినవాడిలా ఇంజిన్ కేసులో ఒక సగం పట్టుకుని నిలబడ్డాడు.

"మీ నాన్న బుల్లెట్‌దే మేడం. మెయిన్ బేరింగులు మార్చాలె."

రాజ్యశ్రీ మెత్తబడింది. నాన్న పోయాక ఆ బండిని ఇద్దరు మెకానిక్కులు సుత్తితో బాది బాది పాడు చేశారు. ఆదివారం పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేస్తానని అమ్మ పద్మావతమ్మ తేల్చేసింది. అమ్మను బతిమాలి, ఆఖరిసారి అని బండిని శివ షెడ్డుకు పంపింది రాజ్యశ్రీయే. నాన్న వస్తున్నాడని వీధి మలుపులోనే చెప్పే ఆ చప్పుడు ఆమెకు మళ్ళీ కావాలి.

"ఓవెన్ ఎందుకు?"

"కేసు వేడైతే సాగుతది. బేరింగు సల్లగైతే ముడుసుకుంటది. సుత్తితో పనే లేదు."

"చల్లగా ఎలా?"

శివ ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ వైపు చూశాడు.

"బటర్‌స్కాచ్ పక్కనా!"

"వెనీలా పక్కనైనా పర్లేదు."

కాలిన కేసు మీద నీటిచుక్క చుయ్‌మంది. చెక్క మీద బోర్లించి తట్టగానే పాత బేరింగు రాలింది. మంచుపట్టిన కొత్తదాన్ని వదిలితే టక్కుమని కూర్చుంది. రాజ్యశ్రీ చప్పట్లు కొట్టింది. శివ ఆమెనే చూస్తూ వేడి కేసు మీద చెయ్యేసి, గావుకేక పెట్టాడు. ఆ చేతిలో ఆమె బటర్‌స్కాచ్ కప్పు పెట్టింది.

మర్నాడు రెండో సగం తెచ్చాడు. ఆ మర్నాడు మళ్ళీ ఓ సగంతో వచ్చాడు.

"ఏందమ్మా, బన్నులు పెట్రోల్ బంకుల కాల్చిన్రా?" అని గని నుంచి వచ్చి బన్ను కొన్న గంగయ్య ముక్కు మూసుకున్నాడు.

రాజ్యశ్రీ కేసును తిప్పి చూసింది. "ఇది మొన్నటి సగమే కదా?"

శివ తల గోక్కున్నాడు. "అవ్. రెండూ ఒక్కనాడే అయితుండె. గట్లయితే మళ్ళ నిన్ను చూసెటందుకు ఏం సాకు పెట్టాలె? నువ్వంటే ఇష్టం."

"బన్ను కొనుక్కోవడానికి రావచ్చుగా, మొద్దూ!" ఆమెకు నవ్వాగలేదు. వెంటనే వేలు చూపించింది. "ఆదివారం బండి మోగకపోతే నీ మొహం చూడను."

ఆదివారం ఇనుప సామాన్లవాడు బేకరీ గుమ్మంలోకి వచ్చేశాడు. రాజ్యశ్రీ మెడ చాచి వీధి మలుపు వైపు చూసింది.

అప్పుడే మలుపులోంచి డుగ్ డుగ్ డుగ్.

పద్మావతమ్మ చేతిలో ట్రే వదిలేసి బయటికి పరిగెత్తింది. శివ బండిని గుమ్మం ముందు ఆపాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, అతని కాలిన చెయ్యి లాక్కుని చూసింది.

"బటర్‌స్కాచ్ కప్పులు ఎటుపోతున్నాయో నాకు తెలీదనుకున్నారా?"

రాజ్యశ్రీ గబుక్కున బండి వైపు నడిచింది.

"అమ్మా, నేను ఎక్కి..."

"నువ్వాగు." పద్మావతమ్మ చీర సర్దుకుని వెనక సీటెక్కింది. "పోనివ్వబ్బాయ్, పర్ణశాల గుడి దాకా. పిల్లనిచ్చే ముందు బండి ఎలా తోలుతావో చూడొద్దూ?"

శివ గేరు వేశాడు. మలుపు దాటినా చప్పుడు వినిపిస్తూనే ఉంది. రాజ్యశ్రీ ఏడుస్తూ నవ్వింది.

"మరి నాకేంది?" అన్నాడు ఇనుప సామాన్లవాడు.

రాజ్యశ్రీ అతని చేతిలో ఓ బన్ను పెట్టింది. అతను వాసన చూసి, ముక్కు మూసుకుని ఆమెకే తిరిగి ఇచ్చేశాడు.