ఫ్లోట్ లేని పాలిగన్

లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల మూలకు ఆనుకుని ఒక మనిషి నిలబడే చచ్చిపోయి ఉన్నాడు. విదేశీ ముఠా తరఫున కబుర్లు మోసేవాడు. అవసరం తీరాక సొంతవాళ్లే తీసేశారు. జేబులో రెండే దొరికాయి. ఒక ఫోను, అందులో నిమిషానికోసారి తనంతట తానే రిఫ్రెష్ అవుతున్న కర్టెన్ల షాపు వెబ్ పేజీ. పదికి పది గళ్లు గీసిన పల్చటి పారదర్శక ప్లాస్టిక్ ముక్క.

"ఈ పేజీ సంగతి తేల్చు," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, తన ఏజెంటుతో. "షాపు మేడమ్ మన మనిషే. ముఠాలో ఉంటూ మనకు సమాచారం ఇస్తోంది. నువ్వు వెబ్ డిజైనర్‌గా చేరు."

ఆ ఏజెంటును ఆఫీసులో అందరూ 'స్కేలు' అంటారు. గూఢచారి కాకముందు పత్రికలో పేజీలు దిద్దేవాడు. గోడ మీద క్యాలెండరు అర అంగుళం వాలినా అన్నం సహించని మనిషి.

దొంగ కళ్లద్దాలు తగిలించుకుని మూడు వారాలుగా షాపు వెనకగదిలో కూర్చుంటే అతనికి వెగటు పుట్టింది. కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి, కప్పులో బూజు పట్టిన కాఫీ, వీటన్నిటి మీదా మేడమ్ సెంటు వాసన. ఆమె అందగత్తె, కాదనలేం. నవ్విందంటే చీఫ్‌లాంటి ముదురు ఘటం కూడా మీసం సర్దుకునేవాడు. స్కేలుకు మాత్రం ఆ నవ్వు చూస్తే ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది.

"స్టైల్ షీటు మాత్రం ముట్టుకోకండి, ప్లీజ్. అది నా ముచ్చట," అనేది.

ఆ మధ్యాహ్నం మూడున్నరకు ఆమె షోరూములో ఉండగా, పేజీలో ఏది ఎలా కనిపించాలో చెప్పే ఆ స్టైల్ షీటు ఫైలు తెరిచాడు. 'చిన్నపిల్లల గది కర్టెన్లు' అనే ఫొటోకు షేప్-అవుట్‌సైడ్ పెట్టి ఉంది. పక్కనున్న అక్షరాలు బొమ్మ ఆకారాన్ని బట్టి ఒదిగి నడవడానికి ఇచ్చే ఆదేశం అది. ఆకారం ఏడు మూలల పాలిగన్. ఒక్కో మూలకు అడ్డం ఇంత శాతం, నిలువు ఇంత శాతం.

పేజీ వైపు చూశాడు. ఒక్క అక్షరమూ ఒదగలేదు.

"ఛీ! ఫ్లోటే పెట్టలేదు."

బొమ్మను ఒక పక్కకు జరిపే ఆ ఫ్లోట్ లేకపోతే ఎన్ని మూలలు రాసినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అలవాటు కొద్దీ చేర్చబోయి ఆగాడు. మార్పుల జాబితా చూస్తే, రోజూ ఏడు మూలలనూ దశాంశాలతో సహా మార్చే మనిషి, అక్షరాలు కదిలాయో లేదో ఒక్కసారైనా చూసుకోదా? అంటే ఆమెకు అక్షరాలతో పనిలేదు. అంకెలతోనే పని.

టేబుల్ మీద షాపు డెలివరీ మ్యాపు ఉంది. లిఫ్టులో శవం దగ్గర దొరికిన గళ్ల ప్లాస్టిక్ తన జేబులోంచి తీసి దాని మీద పరిచాడు. అంచుకు అంచు సరిపోయింది. ఏడు చుక్కలు పెట్టి వరసగా కలిపాడు. గీత రోడ్ల వెంటే నడిచి ఫ్లైఓవర్ మలుపులో ఆగింది.

అది కోర్టుకు వెళ్లే దారి. ఈ రోజు ముఠా మీద సాక్ష్యం చెప్పే ఇంజనీరును కోర్టుకు తీసుకెళ్తున్నారు. బండి నడిపేది తన బావ, అక్క మొగుడు.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. "రింగులు వచ్చాయా?" అన్నాడు చీఫ్. అది కోడు మాట, పక్కన ఎవరూ లేరు కదా అని.

"వచ్చాయి. సర్, సాక్షి రూటు ఎవరెవరికి తెలుసు?"

"నాకు, డ్రైవరుకు." కాస్త నసిగాడు. "మేడమ్‌కు కూడా చెప్పానులే. జాగ్రత్తగా చూసుకుంటానంది."

స్కేలుకు నోరంతా చేదెక్కింది. "బండి ఆపించండి!"

"ఎలా? దారిలో ఫోన్లు ఉండకూడదని రూలు పెట్టించింది నువ్వేగా! ఎనిమిది నిమిషాల్లో ఫ్లైఓవర్ చేరతారు. మన క్యాంపు నుంచి అక్కడికి ఇరవై నిమిషాలు."

"అయితే క్యాంపు వెనక సందులో మనవాళ్లను పెట్టండి. ముఠావాళ్లనే అక్కడికి పంపిస్తా."

ఏడో మూల అంకెలు చెరిపి ఆ సందు అంకెలు కొట్టాడు. వెనక తలుపు కిర్రుమంది. సెంటు వాసన ముందొచ్చింది, తర్వాత మేడమ్, ఆమె చేతిలో పిస్తోలు.

"ముట్టుకోవద్దన్నానా?"

స్కేలు సేవ్ నొక్కి, రెండో చేత్తో బూజు కాఫీ ఆమె మొహాన కొట్టాడు. ఆమె కళ్లు తుడుచుకునేలోపు పిస్తోలు అతని చేతికొచ్చింది.

ఫ్లైఓవర్ కింద వ్యానులో ముఠా మనుషులు నలుగురు ఫోనులో మారిన అంకెలు చూసుకుని, తిట్టుకుంటూ బండి తిప్పారు. అర నిమిషానికి బావ కారు ఆ మలుపు దాటింది. ఆ నలుగురూ నేరుగా వెళ్లి మనవాళ్ల ఒళ్లో పడ్డారు.

బేడీలు వేస్తుంటే మేడమ్ అడిగింది, "ఎలా పట్టుకున్నావు?"

"ఫ్లోట్ పెట్టలేదు."

"అంతేనా?"

"అంతే. పెట్టి ఉంటే అక్షరాలు ముద్దుగా ఒదిగేవి. భేష్ అనుకుని ఫైలు మూసేసేవాణ్ణి." ఆ మాట నిజమని తెలిసి స్కేలుకు తన మీద తనకే రోత పుట్టింది. పనితనం చక్కగా ఉంటే చాలు, పిల్లల కర్టెన్ల వెనక హత్యనైనా మెచ్చుకునేవాడే.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "ఏరా బామ్మర్దీ! ఇవాళ దారంతా ఖాళీ, హాయిగా వచ్చేశాం. నీకేం, పొద్దస్తమానం గదిలో కూర్చోవడమేగా!"

"కూర్చోవడమే బావా," అన్నాడు స్కేలు, మూడోసారి చేతులకు సబ్బు రుద్దుకుంటూ. "నీ అదృష్టం బాగుండి ఆ గదిలో కప్పులు కడిగేవాళ్లు లేరు."